మణెమ్మ మేడం, నా తప్పు

తొలకరి పడిందంటే మా భూసార పరీక్షా కేంద్రం వరండా అంతా మట్టి వాసనే. ఊళ్ల నుంచి వచ్చిన గుడ్డ సంచులు విప్పి, పాత వార్తాపత్రికల మీద నీడలో ఆరబోస్తాం. ఎర్ర చెల్కలది ఒక వాసన, నల్లరేగడిది ఒక వాసన. చౌడు మట్టి తడిస్తే మాత్రం సబ్బు నానిన నీళ్లలాగా ముక్కులో సన్నగా గుచ్చుకుంటుంది. మొన్న ఉదయం తలుపు తీయగానే ఆ వాసన తగిలి, తాళం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అది ఏ కుప్పలోదో దూరం నుంచే చెప్పగలిగిన మనిషి మణెమ్మ మేడం. ఇప్పుడు నేను కూర్చుంటున్న గదిలో చాలా ఏళ్లు అధికారిగా కూర్చున్నారు. చనిపోయి రెండేళ్లయింది. నాకు పని నేర్పింది ఆమె. పనికంటే కష్టమైనది కూడా ఒకటి నేర్పారు. అదేమిటో ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాదు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండలోని ఈ కేంద్రంలో సహాయకుడిగా చేరాను. రాతపరీక్షలో జిల్లాలో మొదటి స్థానం నాది. మాది హుజూర్‌నగర్ దగ్గర ఊరు, నాలుగెకరాల వరి పొలం, రిజర్వేషన్ వర్తించని కులం. నాకంటే మూడేళ్లు పెద్దవాడైన మా అన్న వెంకన్న, టీచరు ఉద్యోగం రెండు మార్కుల్లో తప్పిపోయి రైసుమిల్లులో గుమాస్తాగా కుదురుకున్నాడు. అతనికంటే తక్కువ మార్కులు వచ్చిన సహాధ్యాయి ఒకడు అదే జాబితాలో కోటా కింద టీచరయ్యాడు. ఆ మాట మా ఇంట్లో అన్నం దగ్గర రాని రోజు లేదు. అందుకే చేరిన రోజే పక్క బల్ల దగ్గరి సీనియర్‌ను నేను అడిగిన మొదటి ప్రశ్న, "మేడం ఏ కోటా?" అని. ఆయన గొంతు తగ్గించి, "ఎస్సీ. భువనగిరి దిక్కు. వాళ్ల నాయిన రాళ్లు కొట్టేటోడట," అన్నాడు. ఆమె గురించి తెలియవలసిందంతా తెలిసిపోయినట్టు తల ఊపాను.

మొదటి మూడు వారాలు మేడం నన్ను యంత్రాల దగ్గరికి రానివ్వలేదు. కర్ర రోకలి చేతికిచ్చి వరండాలో కూర్చోబెట్టారు. పొట్టిగా, నూలు చీర కొంగు నడుముకు చెక్కుకుని, కళ్లద్దాలు ముక్కు చివరకు జార్చుకుని ఆమె నా పక్కనే పీటేసుకుని కూర్చునేవారు. "గడ్డ నలగాలె, రాయి నలగొద్దు శేఖర్. రాయి నలిగిందంటే లెక్క తప్పొస్తది. గా తేడా చేతికి తెల్వాలె," అనేవారు. మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాణ్ణి మట్టి దంచుతున్నానేమిటని నాకు లోపల మంటగా ఉండేది. ఇంకొక సంగతి కూడా గమనించాను. మేం తేల్చిన ఫలితాల్లో ప్రతి పదోదాన్ని ఆమె మళ్లీ తానే పరీక్ష చేసి చూసుకునేవారు. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కూడా రిజిస్టరు ముందు కూర్చుని వేలితో ఒక్కొక్క వరుసా చదువుకునేవారు. సర్వీసులో ఆమె సెలవులు చాలా వాడుకోక మురిగిపోయాయని ఆఫీసులో చెప్పుకునేవారు. తన నైపుణ్యం మీద నమ్మకం లేని మనిషి ఇన్నిసార్లు చూసుకుంటుందని నేను అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఇంటికి వెళ్లినప్పుడు అన్నతో అన్నాను కూడా. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండో ఏడు వానాకాలానికి ముందు మూసీ ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి సంచులు వచ్చాయి. ఫలితాలు రిజిస్టరులోకి ఎక్కించే పని నాది. ఆ వారం మేడం హైదరాబాదులో సమావేశాలకు వెళ్లారు. నాకు పని మీద ధీమా ఎక్కువ. ఒకచోట ఒక వరుస వదిలేసి రాసుకుంటూ పోయాను. అక్కడి నుంచి ఒకరి పొలం ఫలితం పక్కవారికి వెళ్లి, మేడం తిరిగొచ్చి సరిచూడకముందే రైతుల చేతికిచ్చే కార్డులకెక్కింది. చౌడు నేల ఉన్న లింగయ్య అనే రైతుకు నేల బాగుందని కార్డు వచ్చింది. మంచి నేల ఉన్న ఆయన పొరుగు రైతు చౌడు విరగడానికి వేసే జిప్సం తెచ్చి అక్కర్లేకుండా చల్లుకున్నాడు. లింగయ్య మా కార్డును నమ్మి ఆ చౌట్లోనే నారు పోశాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన నేరుగా మేడం గదిలోకి వచ్చాడు. తువ్వాలలో మూట కట్టుకొచ్చిన నారును ఆమె బల్ల మీద పోశాడు. కొసలన్నీ తెల్లగా కాలిపోయి ఉన్నాయి. "గిది మీరు రాసిచ్చిన మంచి నేల," అన్నాడు. మేడం ఆ నారును వేళ్లతో విడదీసి చూశారు. నా చేత రిజిస్టరు తెప్పించి ఆ పేజీ తీశారు. రెండు నిమిషాలు దాని మీదే చూపు ఉంచి, "తప్పు మా ఆఫీసుల జరిగింది. మల్ల మట్టి తీస్తం. నేనే వస్త," అన్నారు. లింగయ్య గుమ్మం దాటుతూ వరండాలో ఉన్న మా అందరికీ వినబడేట్టే అన్నాడు, "కోటాల వచ్చి కుర్సీలెక్కితే గిట్లనే ఉంటది."  నేను త్రాసు దగ్గర నిలబడి ఉన్నాను. ఆ పేజీలో దస్తూరి నాదని ఆయన బయటకు రాకముందే నాకు తెలుసు.

పైఅధికారులు సంజాయిషీ అడిగారు. కేంద్రం బాధ్యురాలిగా మేడం సంతకం చేసి పంపారు. అందులో నా పేరు లేదు. పదకొండు రోజులు నేను నోరు విప్పలేదు. ఉద్యోగం పక్కా కావడానికి ఇంకా నాలుగు నెలలుందని నాకు నేను చెప్పుకున్నాను. పన్నెండో రోజు భోజనం డబ్బా తెరవబుద్ధి కాలేదు. ఆమె గదిలోకి వెళ్లి, "మేడం, గా వరుస తప్పింది నేను," అన్నాను.

"ఎరుకే. నీ ఏడు అంకె తోక కిందికి జారుతది. నువ్వొస్తవా రావా అని చూస్తున్న," అన్నారు. ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. "మరి నా పేరు ఎందుకు రాయలే మేడం?" అన్నాను. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "కేంద్రం నాది, నీ పేరు రాసినా మాట నా మీదికే వస్తుండె. నువ్వు చేస్తే శేఖర్ తప్పు చేసిండు అంటరు, అయిపాయె. నేను చేసిన్నంటే, వీళ్లందరు గింతే అంటరు. మా వాడకట్టు పోరగాళ్లు ఇంకా బడిలనే ఉన్నరు, వాళ్ల మీద గూడ పడ్తది. గందుకే ప్రతి లెక్క రెండుసార్లు చూస్త. నాకు తెలివి తక్కువని నువ్వనుకుంటవ్, ఎక్కువని ఇంకొకలనుకుంటరు. రెండు గాదు. భయం, శేఖర్. ముప్పై ఏండ్ల సంది భయం." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "రేపు నాతోని ఊరికి రా. గా మాట అక్కడ చెప్పు," అన్నారు.

మరునాడు జీపులో వెళ్లాం. మేడం లింగయ్య పొలం గట్టు మీద నిలబడి ఎక్కడెక్కడ మట్టి తీయాలో గుర్తులు పెట్టిస్తున్నారు. నేను లింగయ్య దగ్గరికి వెళ్లి, నలుగురూ వింటుండగా తప్పు నాదేనని, మేడంకు దాంతో సంబంధం లేదని చెప్పాను. తిడతాడనుకున్నాను, కొట్టినా కొట్టవచ్చనుకున్నాను. ఆయన నా ముఖం చూసి కాస్త మెత్తబడి, "పోనీ తియ్ సారూ. కొత్త కొలువు. కండ్లు తప్పినయ్. నారు మల్ల పోస్త," అన్నాడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. చెంబుతో నీళ్లు తెప్పించాడు. మేడం ఎండలో గట్టు మీదే ఉన్నారు. ఆమెను అన్న మాట గురించి ఆయన ఏమీ అనలేదు. ఆయనకు గుర్తుందో లేదో కూడా నాకు తెలియదు.  తిరిగి వచ్చేటప్పుడు నకిరేకల్ దాటాక ఆమె అడిగారు, "నిన్నేమన్నడో విన్నవా?" అని. "విన్న మేడం," అన్నాను. నా తప్పుకు 'కండ్లు తప్పినయ్' అన్న ఆ ఒక్క మాట వినడం కోసమే ఆమె నన్ను అంత దూరం తీసుకుపోయారని అప్పుడు అర్థమైంది.

ఆ సంవత్సరమే మా అన్న మా పొలం మట్టి పట్టుకుని నల్లగొండ వచ్చాడు. మేడంకు పరిచయం చేశాను. చాయ్ తాగుతూ అన్న ఉన్నట్టుండి అడిగేశాడు, "మేడం, ఏమనుకోకుండ్రి. నాకు మార్కులెక్కువచ్చినయ్. కొలువు వేరేటాయనకిచ్చిండ్రు. గిది న్యాయమేనా?"  ఆమె కప్పు కింద పెట్టి అతని వైపు తిరిగి కూర్చున్నారు. "నీకు దుఃఖం లేదని నేనన బిడ్డా. రెండు మార్కులల్ల పోతే ఎవరికైన కడుపు మండుతది. కాని గా పోరడు నీది గుంజుకోలే. వందమంది నిలబడ్డ కాడ పది కొలువులు పెట్టిండ్రు. మిగిలిన తొంభైమందిల నువ్వొక్కనివి. గా తొంభైమందిల మావోళ్లు గూడ మస్తుమంది ఉన్నరు. వాళ్లు ఎవరి మీద కోపం చేసుకోవాలె?" అన్నారు. అన్న తల వంచుకుని విన్నాడు. బస్టాండుకు నడుస్తుంటే, "మేడం మంచిగనే చెప్తది. కాని నా రెండు మార్కులు అట్లనే ఉన్నయ్ గదరా," అన్నాడు. అతన్ని బస్సెక్కించి వెనక్కి వచ్చాను. ఆ మాటకు తన దగ్గర పూర్తి జవాబు ఉందని మేడం కూడా ఎన్నడూ అనలేదు.

తర్వాత కొన్నేళ్లకు మా కేంద్రానికి క్షేత్ర సహాయకుల పోస్టులు మూడు వచ్చాయి. రెండు జనరల్, ఒకటి గిరిజన మహిళకు. ఎంపిక సంఘంలో మేడం ఒక సభ్యురాలు, అధ్యక్షుడు పైనుంచి వచ్చిన అధికారి. ఇంటర్వ్యూ విశేషాలు రాసుకునే పని నాది. దేవరకొండ వైపు తండా నుంచి అనిత అనే అమ్మాయి వచ్చింది. డిగ్రీ ఉంది, ఉండవలసిన మార్కులు ఉన్నాయి. అధికారి ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నకు తడబడింది. చౌడు గురించి అడిగితే సగం చెప్పి ఆగిపోయింది. ఆమె బయటకు వెళ్లాక అధికారి, "తగిన అభ్యర్థి లేరని రాసేద్దాం. వచ్చేసారి చూసుకుందాం," అన్నాడు. కాగితం మేడం ముందుకు జరిపాడు.

మేడం కలం ముట్టలేదు. "ఏ అర్హత లేదో రాయండి సార్, సంతకం చేస్తాను," అన్నారు. ఆయన నవ్వి, "మీవాళ్ల తరఫున మీరు మాట్లాడటం సహజమే," అన్నాడు. "నేను మాదిగోళ్ల బిడ్డను. గా పిల్ల లంబాడోళ్ల బిడ్డ. మావాళ్లంటే ఎవరు సార్?" అన్నారు ఆమె. తర్వాత నా వైపు చూశారు. "శేఖర్, జనరల్‌ల తీసుకున్న రెండో అబ్బాయిని చౌడు గురించే అడిగినం. సార్ ఏమన్నరో చదువు."

ఆ అబ్బాయి కూడా సగం చెప్పి ఆగిపోయాడు. అతని పేరుకెదురుగా అధికారి చెప్పిన మాటలు నేనే రాశాను. ఆయన నన్నే చూస్తున్నాడు. అయినా చదివాను. "కుర్రవాడు చురుకైనవాడు. నేర్చుకుంటాడు."  మేడం అనిత పేరుకెదురుగా అవే మాటలు తన చేత్తో రాసి సంతకం చేశారు. ఆ ఫైలు ఎనిమిది నెలలు కదలలేదు. చివరకు అనితకు ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడు రావలసిన మేడం పదోన్నతి మాత్రం రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. అదే కుర్చీలో రిటైరయ్యారు.

ఆఖరిసారి భువనగిరిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె మంచం పట్టి ఉన్నారు. చేతులు పుల్లల్లా అయిపోయాయి. ఆఫీసు సంగతులన్నీ అడిగి, "అనిత ఎట్ల చేస్తాంది?" అన్నారు. ఆమెను సంతోషపెడదామని గొప్పగా చెప్పబోయాను. ఆమె ముందు అబద్ధం రాలేదు. "అందరిలెక్కనే మేడం. మామూలుగ చేస్తాంది," అన్నాను. ఆమె కళ్లు మూసుకున్నారు. నొచ్చుకున్నారేమో అనుకున్నాను. కళ్లు తెరవకుండానే, "మంచిది. మామూలుగ ఉండనియ్. పొగడకు, ఊకె జాలి పడకు. తప్పు చేస్తే అందరిని తిట్టినట్టే తిట్టు. మామూలుగ ఉండుడు నాకు ఒక్కరోజు దొరకలే," అన్నారు. అవే నాతో ఆమె ఆడిన చివరి మాటలు.

ఈ మధ్య అనిత ఒక ఊరి సంచులకు చీటీలు తారుమారు చేసింది. కార్డులు వెళ్లకముందే ఆ తప్పు దొరికింది. నా గదిలోకి పిలిచి గట్టిగానే తిట్టాను. ఆమె బయటకు వెళ్లాక కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగి ఒకరు, "వీళ్లను తీసుకుంటే ఇంతే కదా సార్," అన్నాడు. ఒకప్పుడు నేను తల ఊపిన తీరులోనే అన్నాడు. "వీళ్లంటే ఎవరండీ? తప్పు చేసింది అనిత. ఆ పేరొక్కటే చెప్పండి," అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ఆయన ముఖం చిన్నబోయింది. ఆయన మారాడని నేను అనుకోవడం లేదు. ఆ మధ్యాహ్నమంతా అనిత చీటీలు మళ్లీ రాసి, ఒక్కొక్క సంచీ సరిచూసుకుని, అయిదింటి బస్సుకు వెళ్లిపోయింది. మరునాడు వచ్చి తన పని తాను చేసుకుంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మణెమ్మ మేడం ఈ కేంద్రంలో పనిచేసిన అన్నేళ్లలో అలాంటి మరునాడు ఒక్కటి కూడా ఆమెకు రాలేదు. రానివ్వనివాళ్లలో నేనూ ఒకణ్ణి.