వద్దని చెప్పిన ఫోను

పోయిన వారం మా అమ్మాయి క్లాసుల కోసం హెడ్‌సెట్ కొన్నాను. సరిగా వినిపిస్తోందో లేదో చూద్దామని ముందు నేనే తలకు పెట్టుకున్నాను. చెవులకు ఆనే ఆ నల్ల స్పాంజి కొత్త వాసన తగలగానే వంటింట్లో కుక్కర్ కూత, వీధిలో ఆటోల రొద వెనక్కి పోయాయి. నరసరావుపేటలో చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తు, వరుసగా వేసిన ప్లైవుడ్ బల్లలు, ఇరవై మంది ఆడపిల్లలు ఒకేసారి “నమస్తే సార్” అంటున్న హోరు నా చుట్టూ చేరాయి. ఆ హోరులో ఒక్క గొంతు మాత్రం ఎవరితోనూ కలవకుండా, తొందర లేకుండా, ప్రతి మాటా విడివిడిగా వినిపించేది. మల్లేశ్వరక్క గొంతు.

డిగ్రీ పరీక్షలు రాసిన వేసవిలో నేను ఆ ఆఫీసులో చేరాను. కంప్యూటరే ఒక నంబరు కలుపుతుంది. అవతలివాళ్లు ఎత్తగానే ఎదుట అంటించిన కాగితం మీదున్నది చదవాలి. మీరు క్రెడిట్ కార్డుకు ఎంపికయ్యారు, మొదటి ఏడాది రుసుము లేదు, మీ పేరు మీద ఆఫర్ సిద్ధంగా ఉంది అని. మమ్మల్ని ఫోన్ చెయ్యమని ఎవరూ అడగలేదు. ఆ సంగతి మాకు తెలుసు, వాళ్లకు ఇంకా బాగా తెలుసు. కొందరు కార్డు అనే మాట వినగానే పెట్టేసేవారు. కొందరు మర్యాదగా విని చివర్లో “నా నంబరు మీకెవరిచ్చారు?” అని అడిగేవారు. దానికి మా కాగితంలో జవాబు లేదు. ఇక తిట్టేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

నన్ను మొదట తిట్టింది మా నాన్నే. చేరిన మూడో రోజు కంప్యూటర్ కలిపిన నంబరులో “ఏందీ” అన్న కేక వినగానే గుర్తుపట్టాను. ఆయన మోటారు మెకానిక్. వెనకాల సుత్తి చప్పుడు కూడా మాకు రోజూ వినపడేదే. మాట్లాడేదంతా రికార్డవుతుంది కాబట్టి నేనని చెప్పే ధైర్యం లేక, కాగితం చదవడం మొదలుపెట్టాను. “బండి కింద పండుకొని ఉండా. చేతులకి గ్రీజు. మీకేం పనీ పాటా లేదా? ఇంకోసారి చేస్తే ఆ ఆఫీసుకొచ్చి ఫోన్లన్నీ పగలగొడతా,” అని పెట్టేశారు. నేను హెడ్‌సెట్ తీసేసి మెట్ల మీదికి పోయి కూర్చున్నాను.

మల్లేశ్వరక్క నా వెనకే వచ్చింది. నలభై దాటిన మనిషి. క్రోసూరు పక్క పల్లె ఆమెది. మా అందరిలోకీ పెద్దది, ఆఫీసులో సీనియర్.

“ఎవరు తిట్టారే?” అంది.

“మా నాన్న.”

ఆమె ఒక క్షణం అర్థం కానట్టు చూసి, తర్వాత మెట్ల కడ్డీ పట్టుకుని నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే, ఏడుస్తున్న నేను కూడా చివరికి నవ్వాను. కళ్లు తుడుచుకుని అడిగింది. “ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయో లేదో అడిగావా ముందు?”

“కాగితంలో లేదక్కా.”

“కాగితం రాసినాయనకి చేతులెప్పుడూ ఖాళీయే. నువ్వు అడుగు.”

ఆ సాయంత్రం నాన్న అన్నం తింటూ, ఎవరో పిల్ల ఫోన్ చేసి విసిగించిందని అమ్మకు చెబుతుంటే, “అది నేనే” అన్నాను. ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. అప్పటినుంచి షెడ్డులో అలాంటి ఫోన్ వస్తే, “వద్దమ్మా, నువ్వు జాగ్రత్తగా ఇంటికి పో” అని పెట్టేస్తున్నారని అక్కడ పనిచేసేవాళ్లు చెప్పుకుని నవ్వుకునేవారట. పొద్దున పదకొండు గంటలకు చేసిన పిల్లకు కూడా అదే మాట.

మల్లేశ్వరక్క అంతకుముందు చాలా ఏళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేది. రికార్డింగు యంత్రం వచ్చాక ఆ పని పోయింది. కానీ పల్నాడులో ఆ గొంతు వినని చెవి లేదు. ఆమె క్రెడిట్ కార్డు గురించి మొదలుపెట్టగానే అవతలివాళ్లు పెట్టేయడం మరచిపోయేవారు. ఒకసారి గురజాల నుంచి ఒకాయన మొత్తం విని, “అంతా బాగానే ఉందిగానీ మాచర్ల బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందమ్మా?” అని అడిగాడు. ఆమె తడుముకోకుండా చెప్పింది. ఆ రోజు నవ్వాగక మేమెవరం సాయంత్రం దాకా పని చేయలేకపోయాం.

ఆమె దగ్గర ఒక రూళ్ల నోటుబుక్కు ఉండేది. ఎవరికి మళ్లీ ఫోన్ చేయకూడదో అందులో రాసుకునేది. ‘తాపీమేస్త్రి, స్లాబు మీద ఉన్నాడు, వద్దన్నాడు.’ ‘పంతులమ్మ, పేపర్లు దిద్దుతోంది, ఈ వారంలో అయిదో ఫోనట.’ ‘పెద్దాయన, ఇంట్లో చావు, క్షమించమని చెప్పాను.’ మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు మాకు చదివి వినిపించేది. నవ్వాల్సినచోట నవ్వేవాళ్లం. ఆ చావు దగ్గర అందరం తలలు వంచుకున్నాం. ఆ నోటుబుక్కు విన్నాకే నాకు అవతలివైపు నంబర్లు కాదు, ఏదో పనిలో ఉన్న మనుషులున్నారని తెలిసొచ్చింది.

తెలిసొచ్చిందన్నానుగానీ, అవసరం వచ్చేసరికి ఆ తెలివి నిలవలేదు. గుంటూరు నుంచి రోజూ వచ్చే మా కుర్ర మేనేజరు కిరణ్ సార్, నెలాఖరులోగా ఒక్క కార్డైనా ఒప్పించకపోతే ఇక రానక్కర్లేదని నాకు చెప్పారు. ఆ ఉద్యోగం పోతే ఇంట్లో మళ్లీ గడప దాటనిస్తారన్న నమ్మకం నాకు లేదు. అప్పుడు దొరికాడు వీరయ్య అనే పెద్దాయన. మాచర్ల దగ్గరి పల్లెలో మిరప రైతు. నేను చదివినదానికల్లా “అట్నేనమ్మా, అట్నే” అన్నాడు. చివర్లో, “ఈ కార్డుతో ఎరువులు ఈ కారు పంటకే ఇస్తారా?” అని అడిగాడు. రైతులకు ఇచ్చే ఏదో కార్డనుకుంటున్నాడని నాకు తెలిసిపోయింది. తెలిసీ, “ఏదైనా కొనుక్కోవచ్చండీ” అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఎవరు ఒప్పుకున్నా చివరిగా ఒకసారి ఫోన్ చేసి ఖాయం చేసుకోవడం మల్లేశ్వరక్క పని. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వినడానికి ఇంకో హెడ్‌సెట్ ఇచ్చి, వీరయ్యకు ఫోన్ కలిపింది.

“మాట్లాడొచ్చా బాబాయ్, పనిలో ఉన్నారా?”

“నీళ్లు కడుతున్నాలే అమ్మా. చెప్పు.”

“పొద్దున మా అమ్మాయి ఒక కార్డు గురించి చెప్పింది గదా. మీరు దేనికి సరే అన్నారో మీ మాటల్లో ఒకసారి చెప్పండి.”

“అదే, గవర్నమెంటోళ్లు రైతులకి ఎరువులిచ్చే కార్డు.”

అక్క నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది. ఆమె నెమ్మదిగా అంతా చెప్పింది. ఇది గవర్నమెంటుది కాదు, వాడితే తిరిగి కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ చానా ఎక్కువ, మీకు దీని అవసరం కనపడటం లేదు అని. ఆయన, “అయితే వద్దులేమ్మా,” అన్నాడు. ఆ తర్వాత, “నువ్వు బస్టాండు మైకమ్మవి గదా? యాడుండి మాట్లాడుతున్నావు?” అని అడిగాడు. నరసరావుపేటలో చెప్పుల దుకాణం పైనుంచని చెప్పింది.

ఫోన్ పెట్టేశాక నన్నడిగింది. “ఆయన పొరపడ్డాడని నీకు తెలుసా?”

“తెలుసక్కా.”

అంతే. తిట్టలేదు, ఓదార్చలేదు. కిరణ్ సార్ ఆ రికార్డింగు విని ఆమెను గదిలోకి పిలిచారు. అద్దం తలుపు వెనక ఆయన చేతులు ఊపుతూ మాట్లాడటం, ఆమె కదలకుండా నిలబడటం అందరం చూశాం. బయటికొచ్చి, “ఖాయం చేసే పని నా చేతిలోంచి తీసేశారు. రేపటి నుంచి రోజంతా మీతోపాటు నేనూ ఈ కాగితం పాట పాడాల్సిందే,” అని తన డబ్బాలోని గోంగూర నా అన్నంలో వేసింది. నేను తినలేకపోయాను. ఆమె మాత్రం తిన్నది.

నాలుగో రోజో అయిదో రోజో మెట్ల దగ్గర గొడవ వినిపించింది. తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన భుజాన సంచితో లోపలికి వస్తానంటున్నాడు. వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. మా మెట్లెక్కి వచ్చినవాళ్లంతా అంతవరకు కొట్లాటకు వచ్చినవాళ్లే. కిరణ్ సార్ కూడా సగం గదిలో, సగం బయట నిలబడిపోయారు.

“మైకమ్మ యాడుంది? కోర్టులో వాయిదా ఉండి వచ్చినా. చూసి పోదామని,” అన్నాడాయన. వీరయ్య. సంచి విప్పి, అరటాకులో చుట్టిన పచ్చిమిరపకాయలు, రెండు సొరకాయలు మల్లేశ్వరక్క బల్లమీద పెట్టాడు. “ఈ ఫోన్లంటే నాకు కడుపుమంటమ్మా. పొలంలో ఉన్నా వదలరు, అన్నం కాడా వదలరు. ఇన్నేళ్లలో నాకు వద్దని చెప్పిన ఫోను ఇదొక్కటే.”

అక్క ఒక సొరకాయ చేతిలోకి తీసుకుని, మళ్లీ అదే చోట పెట్టింది. మైకు ముందు తడబడని మనిషి. నేను లేచి నిలబడ్డాను. ఎవరూ లేవమనలేదు.

“ముందు చేసింది నేనే బాబాయ్. మీరు పొరపడ్డారని తెలిసీ చెప్పలేదు.”

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

“ఆ సన్న గొంతు నీదా? బాగానే చదివావు గానీ మధ్యలో ఊపిరి తీసుకోలా. నాకే ఆయాసమొచ్చింది,” అన్నాడు.

ముందు నవ్వింది వాచ్‌మన్. తర్వాత ఇరవై మందిమీ. కిరణ్ సార్ కుర్చీ తెచ్చి ఆయనకు వేశారు. కింద బజ్జీల బండి దగ్గర నూనె కాగుతుంటే, ఆ మిరపకాయలు అక్కడికే పంపి బజ్జీలు వేయించారు. ఫోన్లన్నీ పక్కన పెట్టి అరగంటసేపు తిన్నాం. ఆ కారానికి కిరణ్ సార్ కళ్లలో నీళ్లు తిరుగుతుంటే వీరయ్య ఆయన వీపు రాస్తూ, “మీ పిల్లలకి కూసింత నెమ్మదిగా మాట్లాడమని చెప్పు నాయనా,” అన్నాడు.

మర్నాడు మా బల్లలమీద కొత్త కాగితం అంటించి ఉంది. మొదటి వాక్యం: ‘ఇప్పుడు మాట్లాడొచ్చా అండీ?’ చాలామంది కుదరదనే చెప్పారు. కానీ తిట్లు తగ్గాయి. మల్లేశ్వరక్కకు ఆమె పని తిరిగి ఇచ్చారు. నన్ను మాత్రం ఇంకో నెల పరీక్షలోనే ఉంచారు. అది న్యాయమేననిపించింది. ఆ నెలలో వినుకొండ బట్టల వ్యాపారి ఒకాయన, అన్నీ అడిగి, అన్నీ విని, తన అవసరం తనకు తెలిసి సరేనన్నాడు. అక్క ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాక నా బల్ల దగ్గరికి వచ్చి, “ఇది నీది,” అంది. తర్వాత నాకు చాలా మెప్పులు వచ్చాయి. ఏదీ ఆ రెండు మాటలంత బరువుగా లేదు.

ఆ ఆఫీసు ఇప్పుడు లేదు. మల్లేశ్వరక్క గొంతు మాత్రం ఊళ్లో ఉంది. ఉల్లిపాయల ఆటోలవాళ్లు ఆమెతో చెప్పించుకుని స్పీకర్లలో వేసుకుంటారు. మా వీధిలో ఆటో వచ్చినప్పుడు, ఉల్లిపాయలు అవసరం లేకపోయినా గుమ్మంలోకి వచ్చి వింటాను.

నేనిప్పుడు ఒక కంటి ఆసుపత్రిలో, ఆపరేషన్‌కు వచ్చేవాళ్ల చేత కాగితాల మీద సంతకం చేయించే బల్ల దగ్గర కూర్చుంటాను. నిన్న ఒక పెద్దామె నేను చెప్పినదానికల్లా తల ఊపి పెన్ను కోసం చెయ్యి చాపింది. పెన్ను ఇవ్వలేదు. “అమ్మా, మీకేం చేస్తారో, ఎన్నిరోజులు జాగ్రత్తగా ఉండాలో మీరే నాకు చెప్పండి,” అన్నాను. రేపు పొద్దున్నే పత్తి తీయడానికి పోవచ్చని అనుకుంటోందామె. కుర్చీ దగ్గరికి జరిపి మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను. వెనక వరుసలోని వాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను.