ఏసమ్మ గిన్నెలు

పటాన్‌చెరులో ఏసమ్మ గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినబడేది. బూడిదతో రుద్ది, కడిగి, వాసన చూసి, నచ్చకపోతే మళ్లీ రుద్దేది. పులిసిన వాసన ఆమెకు గిట్టదు. పొద్దుటి మజ్జిగ సాయంత్రానికి మిగిలితే బర్రె కుడితిలో పోసేది. పక్కింటి ఆలంబీ మజ్జిగను మూడోనాటిదాకా ఉట్టిమీద ఉంచుతుందని, ఆ గడప దాటేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

అలాంటి మనిషి కూతురికి, చెవిలో చీముకని కొత్తరకం గోలీలు మింగిస్తుండగా, విరేచనాలు పట్టుకున్నాయి. పిల్ల వడలిపోయింది. "ఇంట్ల సఫాయి లేదు, గందుకే గిట్లయింది," అన్నాడు దవాఖాన కాంపౌండర్. ఏసమ్మకు ఒళ్లు మండిపోయింది. పిల్లను చంకనేసుకుని, ఇంట్లో గిన్నెలన్నీ గంపకెత్తి తెచ్చి డాక్టరు బల్లమీద కుమ్మరించింది. "సూడుండ్రి! ఏడున్నది మురికి?" డాక్టరు ఒక గిన్నె ఎత్తితే అందులో ఆయన మొహమే కనిపించింది. "నీ తప్పు కాదమ్మా, ఆ గోలీలదే. చెవిలో పురుగులతోపాటు కడుపులో మేలుచేసే పురుగులనూ చంపేశాయి. గోలీలు ఆపి, పులిసిన మజ్జిగ తాగించు." "నా బిడ్డ కడుపుల పురుగులా?" కాంపౌండర్ మాటకన్నా ఈ మాటే ఆమెను ఎక్కువ కాల్చింది. దారి పొడుగునా ఇద్దరినీ తిట్టింది. ఇంటికి రాగానే ఆలంబీ గడపలో నిలబడి, మొహం పక్కకు తిప్పుకునే, తళతళలాడే గిన్నె చాచింది. "జెర పులిసిన మజ్జిగ పొయ్యక్కా. ఆ డాక్టర్‌కు అక్కల్ లేదు, తాపియ్యమన్నడు." ఆలంబీ ముంత వంచబోతుంటే ఏసమ్మ ఆపి, దాని అంచు కొంగుతో గట్టిగా తుడిచింది.