స్త్రీల కూడికలో లోకాంతం

ఆ రోజుల్లో లోకం అంతమైపోతే బాగుండునని నాకు చాలా గట్టిగా అనిపిస్తూ ఉండేది. కంగారు పడకండి, ప్రాణం మీద విరక్తి పుట్టి కాదు. గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పడం నా మొదటి ఉద్యోగం. సెక్షన్‌కి అరవై మంది పిల్లలు, ఆ అరవై మందికీ నాతో ఒకేసారి పని పడేది. అద్దెకున్న గది టిఫిన్ హోటల్ మీద (పిండి రుబ్బే గ్రైండరు నా మంచం కిందే తిరుగుతున్నట్టుండేది). అలాంటప్పుడు కాలేజీ స్నేహితురాలి పుణ్యమా అని జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్స్ అలవాటయ్యాయి. వాటిని అనిమే అంటారు. అందులోనూ నాకు నచ్చింది ఒక ప్రత్యేకమైన రకం. కథ మొదలయ్యేసరికే లోకం అయిపోయి ఉంటుంది. యుద్ధం వచ్చిందో, జబ్బు వచ్చిందో, సముద్రం పొంగిందో ఎవరూ వివరంగా చెప్పరు. ఊళ్ళన్నీ ఖాళీ, మేడల నిండా నాచు. మిగిలిన ఇద్దరో ముగ్గురో గుమ్మడి పాదుకు నీళ్ళు పోసుకుంటూ, పాత రేడియో బాగుచేసుకుంటూ రోజులు గడిపేస్తుంటారు. ఇరవై నిమిషాల పాటు ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడం కోసమే నేను సెలవు రోజుల్లో గుడివాడ నుంచి బందరు వెళ్ళే బస్సులో ఫోను ఒళ్ళో పెట్టుకుని, నా స్టాపు కూడా దాటిపోయేదాన్ని.

ఆ ఏడాది దసరా సెలవులకు మా మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన అవనిగడ్డ దాటాక ఒక చిన్న ఊళ్ళో పాస్టరు. మంచి మనిషి, కానీ ఆయన ప్రసంగాల్లో కోపం ఉండేది కాదు. ఎంత ఘోరమైన పాపాన్నైనా చల్లార్చి, వడగట్టి మరీ చెప్పేవారు. ఇది ఆ చర్చి సంఘ పెద్దకు అస్సలు నచ్చేది కాదు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఇంట్లో మేమంతా ఆయన్ని 'బెల్లు మాస్టారు' అనేవాళ్ళం (ప్రసంగం కాస్త సాగితే చేతి గడియారాన్ని వేలితో టకటకా కొట్టేవారు). నేను వెళ్ళిన రోజే ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. "అయ్యగారూ, మీ ప్రసంగం వింటే నిద్ర పడుతోంది గానీ భయం పట్టట్లేదండీ. ఆఖరి దినాల గురించి ఒక్కసారైనా గట్టిగా చెప్పండి. లేదంటే ఇంకో పాస్టరుగారిని పంపమని నేను పైకి రాయాల్సొస్తుంది" అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ ఊళ్ళో ఇంటింటికీ ఎవరి మోకాలు నొప్పో, ఎవరి గేదె ఈనిందో తెలిసిన మనిషి మావయ్య. ఆ రోజు అన్నంలో మజ్జిగ పోసుకుని కలపడం మర్చిపోయి కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే నేను ఎదురుగా ఫోను చూస్తున్నాను. "ఏంటమ్మా అది, కార్టూనా?" అన్నారు. "లోకాంతం తర్వాత కథ మావయ్యా" అన్నాను. ఆయన చెవిన మొదటి మాట ఒక్కటే పడింది. ముఖం వెలిగిపోయింది. ఆదివారం ఆరాధన చివర్లో నిలబడి, "మా మేనకోడలు ఎమ్మెస్సీ చదివింది. లోకాంతం గురించి జపాన్ వాళ్ళు తీసిన చిత్రం చూపించి, బుధవారం స్త్రీల కూడికలో వివరిస్తుంది. పెద్దలు కూడా రావచ్చు" అని ప్రకటించేశారు. ఇంటికొచ్చాక, "మావయ్యా, అందులో మీరనుకునేది ఏమీ ఉండదు" అని మొత్తుకున్నాను. "లోకం అంతమైందా లేదా?" అన్నారు. "అయింది." "ఇంకేం మరి!"

బుధవారం మధ్యాహ్నం చర్చి కిటికీలకు దుప్పట్లు కట్టి, క్రిస్మస్‌కి వాడే ప్రొజెక్టరు పెట్టారు. ముప్పై మంది ఆడవాళ్ళు బిక్కుబిక్కుమంటూ చాపల మీద కూర్చున్నారు. వెనక కుర్చీలో బెల్లు మాస్టారు. మాటలు జపనీస్, కింద వచ్చే అక్షరాలు ఇంగ్లీషు, కాబట్టి మైకు పట్టుకుని తెలుగు చెప్పాల్సింది నేను. తెర మీద ఇద్దరమ్మాయిలు లేచారు. ముఖం కడుక్కున్నారు. "ఇవాళ ఏం వండుదాం అంటోందండీ" అన్నాను. "దుంపలే ఉన్నాయి అంటోందండీ రెండో అమ్మాయి." తర్వాత మూడు నిమిషాలు దుంపలు ఉడికాయి. అత్తయ్య పక్కనున్నావిడ ఓపిక పట్టలేక, "ప్రకటన గ్రంథంలో ఏడు తలల మృగం ఎప్పుడొచ్చుద్దమ్మా?" అని అడిగింది. "రాదండీ." "అగ్ని కురవడం?" "అదీ లేదండీ. ఇప్పుడు రేడియో బాగుచేస్తారు." వెనక నుంచి గడియారం మీద టకటకా వినిపించింది. మావయ్య నా వైపు చూడకుండా సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నారు. మధ్యలో నాలుగు ఉరుములూ ఒక దేవదూతా కలిపేద్దామా అని కూడా ఆలోచించాను (తెర మీద అప్పుడొక పిల్లి ఆవులిస్తోంది, కుదరలేదు). రేడియోలో చివరి తీగ కలిపి, చెవి దగ్గర పెట్టుకున్నారో లేదో, కరెంటు పోయింది.

దుప్పట్లు విప్పి కిటికీలు తెరిచారు. ఎవరూ లేవలేదు. అప్పుడు ముందు వరసలో ఉన్న గాజుల మామ్మ (ఒకప్పుడు ఊరూరా గాజులమ్మేది) నెమ్మదిగా మొదలుపెట్టింది. "డెబ్బయ్యేడులో ఉప్పెనొచ్చినప్పుడు మా ఇంట్లో నేనూ, మా తోటికోడలూ మిగిలాం. నాలుగో నాడు అది ఎక్కణ్ణించో విరిగిన దువ్వెనొకటి తెచ్చి, నా తల చిక్కు తీసి జడేసింది. ఇంకెవరు చూడొచ్చారే అన్నాను. నేను చూడాలి గదే నిన్ను, అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. అంతమంది పోయారు, మేం నవ్వాం. తప్పు చేశామేమోనని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదయ్యగారూ. ఈ పిల్లల్ని చూస్తే గుర్తొచ్చింది."

మావయ్య వెళ్ళి ఆవిడ పక్కన చాప మీద కూర్చున్నారు. "తప్పు కాదమ్మా" అన్నారు. అంతే. దానికి బైబిలు వచనం చెప్పలేదు, ప్రార్థన కూడా చేయలేదు. మామ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "పోన్లే" అంది. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు ఒక్కొక్కరే తమ తమ నాలుగో నాడు గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఎవరో తడిసిన బియ్యం ఆరబోయడం, ఎవరో పక్కవాళ్ళ కోడిపెట్ట దొరికితే దాంతో మాట్లాడుతూ కూర్చోవడం. లోకాంతాన్ని నేను వేసవి సెలవుల్లాగా కోరుకునేదాన్ని. అది నిజంగా చూసొచ్చినవాళ్ళు ముప్పై మందిలో పది మంది దాకా అక్కడ ఉన్నారు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో దాచుకున్నాను.

అందరూ వెళ్ళిపోయాక బెల్లు మాస్టారు మా దగ్గరికొచ్చారు. ఆయన గొంతు సవరించుకుని, "అమ్మాయ్, ఇంతకీ ఆ రేడియో పలికిందా లేదా?" అన్నారు. పలికిందని చెప్పాను. "ఏమంది?" "ఏమీ అనలేదండీ, గరగరమంది. దానికే వాళ్ళు సంతోషపడతారు." ఆయన "ఊఁ" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. పైకి ఉత్తరం రాశారో లేదో తెలియదు గానీ, మావయ్య రిటైరయ్యేదాకా ఆ ఊళ్ళోనే ఉన్నారు.

ఇప్పుడాయన చల్లపల్లిలో ఉంటున్నారు. నేను బందరులో, ఇద్దరు పిల్లల తల్లిని. ఆయనకు చూపు తగ్గింది. తెర మీద బొమ్మ మసకగా తెలుస్తుంది గానీ అక్షరాలు కనబడవు. అందుకని శనివారం సాయంత్రాలు ఆయన అక్కడ, నేనిక్కడ అదే అనిమే ఒకేసారి పెట్టుకుంటాం. నేను ఫోన్లో తెలుగు చెబుతుంటాను. మొన్న మధ్యలో ఆగిపోయాను. "ఏమ్మా, లైను పోయిందా?" అన్నారు. "లేదు మావయ్యా. వాళ్ళేమీ మాట్లాడటం లేదు. చూరు కింద కూర్చుని వాన చూస్తున్నారు" అన్నాను.

"సరే, చూడనివ్వు" అన్నారు మావయ్య. మేమిద్దరం కూడా ఊరుకున్నాం.