పక్షం రోజుల చెవుడు

ఆయన వృత్తి తినడం. వేళాకోళానికి అంటున్న మాట కాదిది. శరదృతువు అడుగుపెట్టబోయే ముందు, పోయిన పెద్దలకు ఇంటింటా తద్దినాలు పెట్టుకునే పదిహేను రోజులుంటాయి. మహాలయ పక్షం అంటారు. పోయినవాళ్ళు స్వయంగా వచ్చి విస్తరి ముందు కూర్చోలేరు కాబట్టి, వాళ్ళ బదులు ఒకరు కూర్చుని తినాలి. ఆ మనిషిని భోక్త అంటారు. ఈయన భోక్త. ఒక రోజు బట్టల కొట్టు యజమానికి తండ్రి, మర్నాడు ఎవరో ఇంజినీరుకు తాత, ఆ మర్నాడు ఇంకెవరికో మేనమామ. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. కొడుకులు ఆయన కాళ్ళు కడుగుతారు, నెయ్యి వడ్డిస్తారు, ఆయన నమిలేదాకా చేతులు కట్టుకుని నిలబడతారు. చివర్లో "తృప్తి అయిందా?" అని అడుగుతారు. ఆయన కళ్ళు సగం మూసి, నిజంగా పైనుంచి దిగొచ్చిన మనిషిలా, "తృప్తి" అంటాడు. ఆ మాట అనే తీరుకే ఆయనకు తృప్తిగారని పేరు పడిపోయింది. అసలు పేరు పిలిచే మనిషి ఒక్కడే, సొంత అన్న.

ఆయనకు పిల్లల్లేరు. చక్కెర జబ్బు మాత్రం ఉంది. తీపి ముట్టుకుంటే కాళ్ళు తీసేయాల్సొస్తుందని డాక్టరు బెదిరించాడు. "నేనెక్కడ తింటున్నానండీ, వాళ్ళ నాన్నగారు తింటున్నారు," అని ఆ డాక్టరుకే చెప్పి, మాత్రలు బొడ్డులో దోపుకుని బయటపడ్డాడు. అలాంటి మనిషి.

ఆయన్ని ఈ పీట మీద కూర్చోబెట్టింది అన్నే. తండ్రి పోయేనాటికి తమ్ముడికి పదేళ్ళు, అన్నకు పద్దెనిమిది. మొదట భోక్తగా పిలుపులు అన్నకే వచ్చేవి. తర్వాత అన్నకు పాత టైర్లకు కొత్త రబ్బరు అంటించే కార్ఖానాలో పని దొరికింది. పీట తమ్ముడికిచ్చేశాడు. ఎలా కూర్చోవాలో, ముద్ద ఎంత కలపాలో దగ్గరుండి నేర్పించాడు. "కడుపు నిండినా మొహంలో కనపడనీయకు. నాన్న ఇంకా తింటున్నాడన్నదే ఆ పెట్టేవాడికి చివరి ఆశ," అని చెప్పాడు. ముప్పై ఏళ్ళు రబ్బరు పొగ పీల్చి అన్న ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. తమ్ముడు నెయ్యి తిని పొట్ట పెంచుకున్నాడు. ఇద్దరి మధ్య పొరపొచ్చాలంటూ ఎన్నడూ లేవు. లేకపోవడమే ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి.

ఈ ఏడు పక్షానికి వారం ముందు డాక్టర్లు అన్న విషయంలో చేతులెత్తేశారు. నెలో, రెండు వారాలో అన్నారు. తృప్తిగారు రెండు బస్సులు మారి వెళ్ళి చూసొచ్చాడు. అన్న మంచం మీద దిండ్లకు ఆనుకుని, మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఏరుకుంటూ, నవ్వాడు.

"పక్షం వస్తోందిగా. నీ పీటకు అడ్డం రాను లేరా," అన్నాడు.

తమ్ముడు కళ్ళు తుడుచుకుని బయటికొచ్చాడు. వచ్చి బస్సెక్కాడా? ఎక్కాడు. దిగి ఇంటికి వెళ్ళాడా? వెళ్ళలేదు. తిన్నగా తనకు ఇళ్ళు కుదిర్చే పురోహితుడి దగ్గరికి వెళ్ళాడు. అన్న పోతే తమ్ముడికి పది రోజులు మైల. మైల మనిషి భోక్తగా పనికిరాడు. పీట ఒక్క ఏడు ఖాళీ అయితే చాలు, కూర్చోడానికి పక్క వీధిలో రిటైరైన పంతులుగారొకరు రెండేళ్ళుగా కాచుక్కూర్చున్నాడు. పింఛను తీసుకుంటూ కూడా పీటకు ఆశపడే ఆ మనిషిని తలుచుకుంటేనే తృప్తిగారికి అరగదు.

"కబురు చెవిన పడకపోతే?" అని అడిగాడు.

పురోహితుడు తమలపాకు ఈనె తీస్తూ, తలెత్తకుండా చెప్పాడు. "వినందే మైల లేదు. పది రోజులు దాటాక వింటే మూడు రోజులతో సరి. శాస్త్రం అంతవరకే చెప్పింది. మిగతాది నీ ఇష్టం."

మిగతాది ఏమిటో తృప్తిగారు అడగలేదు.

పక్షం మొదలైన రోజు పొద్దున్నే పెళ్ళాన్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆ పదిహేను రోజులు ఆవిడ దగ్గరే ఉంటుంది. పీట మీద కూర్చునేవాడు ఫోను పట్టుకు తిరిగితే బావుండదు.

"ఇదిగో, విను. ఈ పక్షం అయ్యేదాకా మా అన్నయ్య ఇంటి కబురు ఒక్కటి కూడా నా చెవిన వేయకు. మంచో చెడో, ఏదీ వద్దు."

"ఒంట్లో ఎలా ఉందో కూడా చెప్పొద్దా?"

"వద్దన్నానా! మంచి అని మొదలెట్టి నువ్వు చెడుకొచ్చేస్తావు. నీ సంగతి నాకు తెలీదూ?"

ఆవిడ తలూపింది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ పని అదే కదా.

నాలుగో రోజు సాయంత్రం ఆయన మూడంతస్తులు ఎక్కి ఇంటికొచ్చేసరికి, కింద ప్రింటింగు ప్రెస్సు మోతకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఆవిడ ఫోను చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమండీ, బావగారింటి నుంచి..."

ఆయన రెండు చెవులూ మూసుకుని, గట్టిగా కేశవ నామాలు చదువుకుంటూ లోపలికి పరిగెత్తాడు. పొట్టున్న మనిషి అలా పరిగెత్తడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆవిడకు రాలేదు.

అయిపోయింది, అన్న పోయాడు అనుకున్నాడు. నీళ్ళగదిలో కూర్చుని, గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, ఆ ఏడుపులో అబద్ధం లేదు. ఏడుస్తూనే వేళ్ళు మడిచాడు. నాలుగో నాడు పోతే అమావాస్యకు పది దాటిపోతాయి. ఆ సాయంత్రం వింటే మూడు రోజులు. ఆ వెంటనే వచ్చే దేవీ నవరాత్రుల్లో నాలుగో రోజుకల్లా శుద్ధి. మండపంలో పారాయణకు కూర్చోవచ్చు. మనసుకు తెలిసిపోయింది, చెవికి తెలియదు. శాస్త్రం అడిగేది చెవినే అని ఆయన ధీమా. మర్నాడు ఎవరింట్లోనో, ఎవరి తండ్రిగానో కూర్చుని, రెండోసారి కూర వేయించుకున్నాడు.

ఆరో రోజు ఆవిడ మళ్ళీ ప్రయత్నించింది. "మీరనుకునేది కాదండీ, ఒక్కసారి నా మాట..." అందో లేదో, చేతిలో ఉన్న చెంబు విసిరాడు. అది ఆవిడ మోచేతికి తగిలి, గోడకు కొట్టుకుని, మంచం కిందికి దొర్లింది.

"నా పొట్ట కొట్టాలని చూస్తున్నావా? నోరు తెరిచావంటే చూసుకో!"

ఎనిమిదో రోజు ఆయన మాత్రలు వేసుకునే గ్లాసు కింద మడత పెట్టిన కాగితం ఒకటి కనిపించింది. ఆవిడ చేతిరాత. చదివినా విన్నట్టే అనుకుని, విప్పకుండానే చింపి కిటికీలోంచి పారేశాడు. తన తెలివికి తనే మెచ్చుకున్నాడు కూడా.

ఆవిడ ఆ ముక్కలు కింద ప్రెస్సు చిత్తుకాగితాల్లో కలిసిపోవడం చూసింది. ఆ తర్వాత ఇక ఏమీ అనలేదు. ఫోను మోగితే పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడేది. వచ్చి వంట చేసుకునేది. ఆ మౌనాన్ని ఆయన దారికి రావడం అనుకున్నాడు. మగాళ్ళు చాలామంది అలాగే అనుకుంటారు.

అమావాస్య వచ్చింది. పక్షంలో ఆఖరి రోజు, అన్నిటికన్నా పెద్ద రోజు. బట్టల కొట్టు యజమాని ఇల్లు, ఐదో అంతస్తు. విస్తట్లో అన్నం, నాలుగు కూరలు, గిన్నెలో పాయసం. భోజనం మధ్యలో భోక్త మాట్లాడకూడదు, లేవకూడదు, ఎవరూ ఆయన్ని పలకరించకూడదు. సరిగ్గా అప్పుడే గంట మోగింది. యజమాని భార్య తలుపు తీసింది. గుమ్మంలో అన్న కొడుకు.

"మా బాబాయ్‌తో ఒక్క మాట మాట్లాడాలమ్మా."

"భోజనం మధ్యలో ఉన్నారు బాబూ. తప్పు, పలకరించకూడదు. ఓ గంటాగి రా."

"గంటాగే పని కాదమ్మా..." తలెత్తి, ఆవిడ భుజం మీదుగా లోపలికి చూశాడు.

తృప్తిగారు కూడా చూశాడు. ముందుగా ఆయన కంటికి ఆనింది అన్న కొడుకు జుట్టు. తలనిండా ఉంది. తండ్రి పోయి పది రోజులు దాటిన కొడుకు తలమీద జుట్టెలా ఉంటుంది? ముద్ద గొంతుకు అడ్డం పడింది. ఎన్ని చావు ఇళ్ళు చూసిన మనిషి, ఎన్ని గుండ్లు చూసిన మనిషి! ఆయనకు అర్థం కాలేదని నన్ను నమ్మమంటే నేను నమ్మను. ఆ ఒక్క క్షణం అంతా ఆయన ముందే ఉంది. లేవొచ్చు. లేస్తే తద్దినం చెడుతుంది, పిలిచే ఇల్లొకటి పోతుంది, రేపటికల్లా పింఛను పంతులు ఇక్కడ కూర్చుంటాడు. ఈ కాలం కుర్రాళ్ళు క్షౌరం ఎక్కడ చేయించుకుంటున్నారు లే, అనుకున్నాడు. ఎడంచెయ్యి ఎత్తి అరచెయ్యి చూపించాడు, ఆగమన్నట్టు. కళ్ళు మూసుకుని ముద్ద మింగాడు.

తెరిచేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. పాయసం గిన్నె ముందుకు జరిపాడు.

"తృప్తి అయిందా?" అని బట్టల కొట్టు యజమాని చేతులు కట్టుకుని అడిగాడు.

"తృప్తి," అన్నాడు.

ఐదింటికి ఇల్లు చేరాడు. వీధిలో మర్నాటి నుంచి మొదలయ్యే అమ్మవారి పూజకు మండపం కడుతున్నారు. గుడ్డలు చుట్టేవాళ్ళ కేకలు మూడో అంతస్తుదాకా వినిపిస్తున్నాయి. ఆవిడ గది మధ్యలో చాప మీద కూర్చుని ఉంది. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని, గొంతు సవరించుకుని, ముందే సిద్ధం చేసుకున్న మొహం పెట్టాడు.

"పక్షం అయిపోయింది. ఇప్పుడు చెప్పు. ఏ రోజు పోయాడు మా అన్నయ్య?"

"ఇవాళ. పొద్దున ఎనిమిదింటికి."

ఆయన సిద్ధం చేసుకున్న మొహం అలాగే ఉండిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో తోచలేదు.

"ఇవాళేమిటి? మరి నాలుగో నాడు ఫోనొచ్చిందిగా!"

"ఆ ఫోను బావగారే చేశారు."

"ఎవరు?"

"బావగారే. ఆ రోజు మొదలు రోజూ చేశారు. దమ్ము చాలక రెండు మాటలు మాట్లాడి పెట్టేసేవారు. తమ్ముడు వచ్చాడా, తిన్నాడా, ఒక్కసారి ఫోనిస్తావా అమ్మా అని. రేపొస్తారు బావగారూ, రేపొస్తారు అని చెప్తూ వచ్చాను."

"నువ్వు... నాకు చెప్పొచ్చుగా! బతికే ఉన్నాడని ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

ఆవిడ ఆయన వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే ఆయన తట్టుకునేవాడు, ఎదురు తిరిగేవాడు, కనీసం అరిచేవాడు.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఏం చెప్పాలనుకున్నాడు?"

"నేనూ అడిగాను. నాతో చెప్పండి బావగారూ, ఆయనకు చెప్తానన్నాను. నీకు కాదమ్మా, వాడికే చెప్తానన్నారు. మొన్నటికి మాట పడిపోయింది. ఇక నాకు వినపడిందల్లా ఆయన ఊపిరే."

ఆయన లేచి చొక్కా కోసం తడుముకున్నాడు. గూట్లో ఉన్న చొక్కా లాక్కున్నాడు. "వెళ్తాను. మొహమైనా చూస్తాను."

"మూడింటికే తీసుకెళ్ళిపోయారు. తలకొరివి ముందు మీ మొహం చూపించాలని, అబ్బాయి శవాన్ని గుమ్మంలో పెట్టి మీకోసమే వచ్చాడు."

కింద ఎవరో మైకు పరీక్ష చేస్తున్నారు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. తృప్తిగారు చొక్కా వదిలేసి నేల మీద కూలబడ్డాడు. నోరు తెరిచాడు గానీ ఏడుపు రాలేదు. రావలసిన ఏడుపు పదకొండు రోజుల కిందటే, బతికున్న మనిషి కోసం ఏడ్చేశాడు.

ఆవిడ చాప మడిచి గోడకు ఆనించింది. దండెం మీది తువ్వాలు తీసి ఆయన ఒళ్ళో పడేసింది.

"లేవండి, స్నానం చెయ్యండి. ఇప్పుడు విన్నారుగా," అంది.