రసం పండుకు కత్తి పెట్టరాదు: ముసునూరు తోటలో మా కుటుంబ సమ్మేళనం

కుటుంబ సమ్మేళనానికి హాజరు కావడమంటే బస్సెక్కి దిగినంత తేలిక వ్యవహారం కాదు. దానికొక పద్ధతి ఉంది. ఆహ్వానం అందిన వెంటనే అది పేరు పెట్టి పిలిచిన పిలుపా, వాట్సాప్ గ్రూపులో అందరితోపాటు పడిన పిలుపా అన్నది నిర్ధారించుకోవలెను. రెండవ రకమైనచో అలగవలెను. అలిగి, ఎవరో ఒకరు ఫోను చేసేవరకు ఆగి, చేసిన పిమ్మట "చూద్దాంలే" అని, ఆనాడు అందరికంటె ముందుగా చేరుకోవలెను. ఇందులో ఏ ఒక్క మెట్టు దాటవేసినా ఆ హాజరు చెల్లదు. మా సమ్మేళనపు నియమావళిని అచ్చు వేయించినవాడిని నేనే కనుక ఈ మాట అధికారికంగా చెబుతున్నాను.

మా సమ్మేళనం ఏటా మే నెలలో ఒక ఆదివారం జరుగుతుంది. ముసునూరు దాటి లోపలికి వెళితే వచ్చే మా ఊళ్లో, మా నాయనమ్మ నాటించిన చిన్నరసాల మామిడి తోటే సభాస్థలి. ఈ ఏడాది నా ప్రయాణానికి కారణం మాత్రం పళ్లు కావు, మా మేనత్త సుశీల. నాయనమ్మ పిల్లల్లో ఆవిడే పెద్ద. తరువాత మా పెదనాన్న, చివర మా నాన్నగారు. యాభై ఏళ్ల కిందట చింతలపూడిలో టీచరుగా చేరిన అత్తయ్య, అక్కడి సాటి టీచరు శామ్యూల్ గారిని చర్చిలో పెళ్లి చేసుకుంది. ఇక ఆమె పేరు ఈ ఇంట్లో ఎత్తరాదని తాతగారు ఉత్తర్వు జారీ చేశారు. తాతగారు గతించాక దానిని రద్దు చేసే అధికారం పెదనాన్నకు సంక్రమించింది. ఆయన దానిని వినియోగించలేదు. అక్కగారి గడప తొక్కలేదు, ఆ ఇంటి మంచినీళ్లు ముట్టలేదు. మా నాన్నగారు బతికున్నన్నాళ్లూ ఏదో ఒక పని కల్పించుకుని చింతలపూడి వెళ్లొచ్చేవారు, ఆ అలవాటు నాకూ వచ్చింది.

ఈసారి ఏమనిపించిందో, కమిటీ సమావేశంలో పెదనాన్న పంచె సర్దుకుంటూ, "రమ్మనండి. వస్తే వస్తుంది," అన్నారు. ఇది ఆహ్వానమా, లేక అభ్యంతరం లేదన్న ధ్రువపత్రమా అన్నది ఎవరికీ తేలలేదు. ఫోనులో అత్తయ్యకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది: "వస్తాను గానీ చంటీ, నన్ను ఎక్కడ కూర్చోబెడతార్రా?" నాకు నలభై రెండేళ్లు. ఈ భూమి మీద నన్ను ఇంకా చంటీ అని పిలిచే మనిషి ఆవిడొక్కతే. నూజివీడు బస్టాండులో కలుద్దామని చెప్పి ఫోను పెట్టేశాను.

విజయవాడ నుంచి నూజివీడుకు తెల్లవారుజాము నుంచే బస్సులున్నాయి. ఆరు గంటల బస్సు పట్టుకుంటే ఎండ ముదిరేలోగా చేరవచ్చు, టిక్కెట్టు వంద లోపే. ఆగిరిపల్లి దాటినప్పటి నుంచి రోడ్డుకు రెండు వైపులా తోటలే. కొమ్మలకు కింద వెదురు గడలు ఊతం పెట్టిన చెట్లు, నీడన గడ్డి పరిచి పోసిన కాయల రాశులు, వాటిని ట్రేలకెత్తే మనుషులు కనబడతారు. కిటికీ పక్క సీటు కోరుకునేవారు ఎడమా కుడీ అని తగవు పడనవసరం లేదు.

నూజివీడు బస్టాండులో అత్తయ్య అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉంది. శామ్యూల్ గారు పోయినప్పటి నుంచి కట్టే తెల్ల నేత చీర, ఒళ్లో సంచీ. చింతలపూడి నుంచి వచ్చే దారిలోనే మా ఊరి అడ్డరోడ్డు వస్తుంది, అక్కడే దిగిపోవచ్చు. ఆ మాటే అడిగాను.

"దిగి ఎవరింటికెళ్లనురా? నూజివీడుకే టిక్కెట్టు కొన్నాను. నువ్వు రాకపోతే అదే బస్సులో వెనక్కెళ్లిపోదామని," అంది. తరువాత, ఎవరో ఆక్షేపించినట్టు, "ఆరాధన మానేసి వచ్చాను. పాస్టరు గారికి చెప్పే వచ్చాన్లే," అని చేర్చింది.

బస్టాండు బయట ఆటో మాట్లాడాను. నాలుగు వందలు చెప్పి మూడు వందలకు దిగాడు. ముసునూరు వాసి. ఊరి పేరు చెప్పగానే అద్దంలోంచి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"కత్తి కేసు జరిగిన తోటకేనాండీ?"

"అవును."

"అల్లుడు గారు చిన్నరసాన్ని చాకుతో ముక్కలు కోసి ఫోర్కుతో గుచ్చుకు తిన్నారంట కదండీ? మా ఊళ్లో రెండ్రోజులు అదే మాటండీ. చదువుకున్నోళ్లే అట్టా చేస్తే ఎట్టాగండీ?"

పాఠకుల సౌకర్యార్థం వివరిస్తాను. చిన్నరసాన్ని కోయరు. అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచ్చిక కొరికి, సొన పిండేసి, జుర్రుకుంటారు. కిందటేడాది పెదనాన్న అల్లుడు, హైదరాబాదు నివాసి కిరణ్, అందరూ చూస్తుండగా కత్తి అడిగాడు. తినడం పూర్తయ్యేలోపే కమిటీ సమావేశమై ఏడవ నిబంధనను ఆమోదించింది. దాని పాఠం ఇది: "సమ్మేళనంలో రసం పండుకు కత్తి కోరినవారు, ఎంతటి రక్తసంబంధీకులైనను, ఆనాటికి అతిథులుగా మాత్రమే పరిగణింపబడుదురు." ప్రతిపాదించినది పెదనాన్న. వాక్య నిర్మాణం నాది.

కథంతా విని అత్తయ్య నవ్వింది. "మీ పెదనాన్నకి చిన్నప్పట్నుంచీ అంతేరా. గోలీలాటకి కూడా రూల్సు పెట్టేవాడు. ఓడిపోతే మార్చేవాడు."

తోట గేటు దగ్గర బ్యాడ్జీలు ఇస్తున్నారు. కుటుంబ సభ్యులకు ఎర్ర పట్టు పువ్వు, అతిథులకు పసుపు. లోకమంతటా అతిథికి అగ్రతాంబూలం ఇస్తారు గానీ, మా నియమావళి ప్రకారం ఎర్ర పువ్వులది మొదటి బంతి, పసుపు పువ్వులది రెండవది. కార్యదర్శి మా తమ్ముడు శ్రీనివాసు, పెదనాన్న కొడుకు. అత్తయ్యను చూడగానే వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. పెట్టి, తలెత్తకుండానే పసుపు పువ్వు చేతికిచ్చాడు. పెళ్లై వెళ్లిన మా చెల్లెళ్లందరి చీరలకూ ఎర్ర పువ్వులే ఉన్నాయి.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"నాన్నగారి ఆర్డరన్నయ్యా. నన్నేం చెయ్యమంటావు?"

"పోన్లేరా, తెల్లచీరకి ఏ రంగైనా నప్పుద్ది," అని అత్తయ్య ఆ పువ్వును తానే గుచ్చుకుంది. పిన్నీసు రెండుసార్లు తప్పింది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసింది. అతిథులకు వేరుగా వేసిన పసుపు షామియానాలో చివరి వరుస కుర్చీలో కూర్చుంది. ఎర్ర పువ్వుతోనే నేనూ పక్కన కూర్చున్నాను. నియమావళి ప్రకారం ఇది అతిక్రమణే.

పొయ్యిల వైపు నుంచి గారెల వాసన వస్తోంది. వంట మేస్త్రి సూరిబాబు మధ్యలో వచ్చి నా చెవిలో, "ఏవండీ, సభ తొందరగా తేల్చమనండి. ముద్దపప్పు చల్లారితే నాది పూచీ కాదండీ," అని చెప్పి వెళ్లాడు. సభ తేల్చడం నా చేతిలో లేదు. పదకొండింటికి పెదనాన్న మైకు ముందుకొచ్చారు. తెల్ల లాల్చీ, గుండె మీద అరచేయంత ఎర్ర పువ్వు, దాని కింద బంగారు అక్షరాలతో 'అధ్యక్షులు'. ఏటా చదివే వంశ చరిత్రనే చదివారు. చెరువులో నీళ్లు అడుగంటిన ఏడాది మా నాయనమ్మ కావడితో నీళ్లు మోసి ఈ మొక్కలను ఎలా బతికించిందీ చెప్పి, "ఆ రోజుల్లో అమ్మ వెంట బిందెలతో నీళ్లు మోసింది నేనే!" అన్నారు. చప్పట్లు మోగాయి.

"వాడికప్పుడు నాలుగేళ్లు," అంది అత్తయ్య మెల్లగా. "చెంబు కూడా ఎత్తలేడు."

తరువాతిది ప్రధాన ఘట్టం. నాయనమ్మ స్వహస్తాలతో పాతిన చెట్టు నుంచి తొలి పండును అధ్యక్షులు ఆరగించాలి. ఆపైనే విస్తళ్లు వేస్తారు. పళ్లెంలో పండు వచ్చింది. పెదనాన్న దాన్ని అరచేతుల మధ్య నలిపారు. ఆ నలపడంలో వంకపెట్టడానికేమీ లేదు. నోటిదాకా తీసుకువెళ్లారు. ఆగారు. మళ్లీ ప్రయత్నించారు. ఏదో టక్కుమంది. దవడ పట్టుకున్నారు. వారం కిందటే నూజివీడులో కొత్త పళ్లసెట్టు పెట్టించుకున్న సంగతి ఆయన కమిటీ దృష్టికి తేలేదు.

శ్రీనివాసు వైపు వంగి రహస్యంగా ఒక మాట చెప్పారు. అయితే మైకు ఆయన గడ్డం కిందే ఉంది.

"ఒరేయ్... కత్తి తేరా," అన్న మాట నాలుగు స్పీకర్లలో నుంచీ తోటంతా వినబడింది.

పసుపు షామియానా నుంచి ఒక కుర్చీ చప్పుడైంది. పంతం కొద్దీ ఈ ఏడాదీ పసుపు పువ్వే అడిగి పెట్టించుకున్న అల్లుడు కిరణ్ లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఏడాదిగా ఎదురుచూసిన మనిషి గొంతు అది: "మావయ్యగారూ, పసుపు బ్యాడ్జీ పంపించమంటారాండీ?"

రెండు షామియానాలూ గొల్లుమన్నాయి. పెదనాన్న నవ్వలేదు. చేతిలో పండుతో, తాను రాయించిన నిబంధన ఎదుట నిలబడి ఉన్నారు. కొరకలేరు, కోయలేరు, దింపి పెట్టలేరు. డెబ్భై రెండేళ్ల మనిషి చెవులు ఎర్రబడడం ఆనాడే చూశాను.

పక్కన కుర్చీ ఖాళీ అయింది. తిరిగి చూసేసరికి అత్తయ్య రెండు షామియానాల మధ్య ఎండలో నడుచుకుంటూ వేదిక వైపు పోతోంది. ఎవరూ ఆపలేదు. ఆపడానికి నిబంధన లేదు. మెట్టెక్కి తమ్ముడి ఎదుట నిలబడింది. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది.

"మళ్లీ ఊడినాయా అబ్బాయ్ నీ పళ్లు?"

ఆవిడ ఆయన చేతిలోంచి పండు తీసుకుంది. డెబ్భై ఆరేళ్ల సొంత పళ్లతో ముచ్చిక కొరికి, పక్కకు ఉమ్మి, సొన పిండి, కొంగుతో తుడిచి ఆయన నోటి ముందు పెట్టింది.

"ఆరేళ్లప్పుడు ముందు పళ్లు ఊడితే ఆ ఏడు కాపంతా నేనేగా నీకు కొరికి పెట్టింది. ఊఁ, తిను."

ఎంగిలి అంటే ఏమిటో తెలుగు పాఠకులకు వివరించనవసరం లేదు. తల్లి ఎంగిలి బిడ్డ తింటాడు. ఒక కంచంలో పెరిగినవాళ్లు ఒకరిది ఒకరు తింటారు. మరొకరిది ఎవరూ ముట్టరు. యాభై ఏళ్లుగా ఆ ఇంటి గ్లాసు ముట్టని మనిషి ముందు ఆమె కొరికిన పండు ఉంది. సభ మొత్తం ఆ పండు వంకే చూస్తోంది. సూరిబాబు గరిటెతో సహా బయటికొచ్చి నిలబడ్డాడు.

పెదనాన్న వంగి నోరు తెరిచారు.

జుర్రిన చప్పుడు స్పీకర్లలో విన్నాం. రసం గడ్డం మీదుగా, మోచేతి మీదుగా కారి లాల్చీని, ఎర్ర పువ్వును, బంగారు అక్షరాలను తడిపింది. సగంలో ఆయన కళ్లు కూడా కారాయి.

"అక్కా..."

"మాట్లాడకు. మీద పడుద్ది."

టెంక చీకడం పూర్తయ్యాక గుండె మీది పువ్వు ఊడదీశారు. అత్తయ్య చీరకున్న పసుపు పువ్వు తీసి తన లాల్చీకి పెట్టుకుని, 'అధ్యక్షులు' అన్న ఎర్ర పువ్వును ఆమెకు గుచ్చారు. ఈసారి పిన్నీసు తప్పలేదు.

"కత్తి అడిగినోణ్ణి నేను," అన్నారు మైకులో. "రూలంటే రూలే. ఇంటికి పెద్దది మా అక్క. నీళ్లు మోసింది కూడా అదే."

ఆ తరువాత వినబడినది చప్పట్లని చెప్పడం చాలదు. సాయంత్రానికి మాట్లాడుకున్న డప్పులవాళ్లు అనుమతి లేకుండానే మొదలుపెట్టారు. కిరణ్ కుర్చీ ఎక్కి ఈల వేశాడు. శ్రీనివాసు వచ్చి నన్ను కౌగిలించుకుని నా చొక్కాకు కూడా రసం అంటించాడు. తానింకా పండే తినలేదు, అదెక్కడిదో ఈనాటికీ తేలలేదు.

మొదటి బంతిలో తొలి విస్తరి అత్తయ్యది. పెదనాన్న రెండవ బంతి కోసం చెట్టు కింద నిలబడ్డారు.

"ఏంట్రా అక్కడ? రా, కూర్చో," అంది ఆవిడ.

"నేను అతిథిని. రెండో బంతి."

"అధ్యక్షురాలిని నేను. వచ్చి కూర్చో."

పక్కనే కూర్చున్నారు. అన్నం వడ్డించాక అత్తయ్య కళ్లు మూసుకుని తల వంచింది. సూరిబాబు నెయ్యి గిన్నెతో ఆగిపోయాడు. వరుసలో ఎవరూ విస్తరి ముట్టలేదు. కాసేపటికి పెదనాన్న పక్కకు వంగి, "అయిందా అక్కా?" అన్నారు. "అయింది, తిను," అంది. అప్పుడు పప్పులో నెయ్యి పడింది. గారెలు చల్లారిపోయాయి. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

సాయంత్రం చింతలపూడి బస్సు కోసం అడ్డరోడ్డు దగ్గర నిలబడ్డాం. పొద్దున్న ఆవిడ దిగకుండా దాటిపోయిన చోటు అదే. సాగనంపడానికి వచ్చినవాళ్లతో రోడ్డు నిండిపోయి బస్సు తనంతట తానే ఆగింది. పెదనాన్న రెండు బుట్టల పళ్లు లోపల పెట్టించి, కండక్టరును పిలిచి, "ఈవిడ మా అక్క. వచ్చే ఏడు ఇక్కడే దింపాలి," అని ఆజ్ఞాపించారు. మా కమిటీ ఎన్నో తీర్మానాలు చేసింది. అమలైనవి నాకు గుర్తు లేవు. ఒక్క నిబంధన మాత్రం, అదీ వేళాకోళానికి రాసినది, యాభై ఏళ్ల ఉత్తర్వును ఒక పండు తినేంతలో కొట్టేసింది. నేను రాసిన వాక్యాలన్నింటిలో పనికొచ్చినది అదొక్కటే.

ఈ ప్రాంతానికి వచ్చే ఆలోచన ఉన్నవారికి ఒక సూచన: నూజివీడులో ఆటోను రానూపోనూ కలిపి మాట్లాడుకోండి. కాపు రోజుల్లో సాయంత్రమయ్యేసరికి బండ్లన్నీ కాయల లోడ్లకు పోతాయి, మనుషులను ఎక్కించుకోవు.

చివరగా, నూతన అధ్యక్షురాలి ఉత్తర్వు. ఏడవ నిబంధన రద్దయింది. ఇకమీదట సమ్మేళనంలో ఎవరి పండు ముచ్చిక వారు కొరుక్కోరాదు. పళ్లున్నవారైనా, లేనివారైనా, పక్కవారు కొరికి ఇచ్చిన పండునే తినవలెను. పక్కవారితో మాటలు లేనివారు మాటలు కలిసేవరకు పండు చేత పట్టుకుని నిలబడి ఉండవలెను. పళ్ల డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్లు చెల్లవు. ఇదే తుది నిర్ణయం. దీనిపై అప్పీలు లేదు.