ఒకే కవితకు పదమూడు మంది

చొక్కాల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. ఇరవై రెండేళ్లు ఇస్త్రీపెట్టె తోసీ తోసీ కుడిభుజం కాస్త దిగిపోయింది. చదివింది ఐదో తరగతి. అలాంటి మనిషి కవిత రాసిందంటే ఎవరు నమ్ముతారు చెప్పండి? రాసింది మరి. జీతాల కోతకు ఎదురుతిరిగి యూనియన్ పెట్టుకున్న వారంలో, అట్టముక్క మీద రాసి భోజనాల గది గోడకు అతికించింది.

కాలరు నాది, జేబు నీది, గుండీ ఆమెది.
ఒక్క చొక్కాకి ఇంతమందిమి కావాలి.
మనం చేతులు కట్టుకుంటే లోకానికి చొక్కా లేదు.

పేరు పెట్టలేదు. ఎవరు రాశారో అందరికీ తెలుసు, ఒక్క మేనేజరుకు తప్ప. ఆయనకు ఒళ్లు మండింది. రాసినవాళ్ల ఉద్యోగం ఊడినట్టేనంటూ ఇస్త్రీ, గుండీల సెక్షన్ల ఆడవాళ్లు పదమూడు మందినీ తన గదిలో వరసగా నిలబెట్టాడు.

ఇంట్లో సంపాదన ఇస్త్రీ అక్కదొక్కటే. అయినా ఒప్పేసుకుందామని నోరు తెరిచేలోపు, పక్కనున్న గుండీల పిన్ని "నేనే రాశానండీ" అనేసింది.

"కాదండీ, నేను," అంది ఇంకొకామె. పన్నెండు మందిదీ అదే పాట. ఇస్త్రీ అక్కకు బుర్ర తిరిగిపోయింది. వీళ్లు తనను కాపాడుతున్నారా, తన కవితను కాజేస్తున్నారా? కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి సంతోషానివో ఉక్రోషానివో ఆమెకే తెలియలేదు. చివరికి "నేనూ రాశానండీ" అంది, దొంగలా.

"అయితే చూడకుండా చెప్పండి," అన్నాడు మేనేజరు.

పన్నెండు మందీ పొల్లుపోకుండా అప్పజెప్పారు. ఆమె వంతు వచ్చింది. రాసేవాళ్ల జబ్బే ఆమెదీనూ. మూడో పాదాన్ని ఎన్నిసార్లు కొట్టేసి మార్చిందో, ఆ కొట్టేసినవన్నీ ఇప్పుడు ఒక్కసారిగా నాలుక మీదకొచ్చిపడ్డాయి.

"మనం అలిగితే... కాదు, మనం కూర్చుంటే... లోకం చలికి..."

మేనేజరు నవ్వాడు. "ఈవిడ మాత్రం కాదు. నువ్వెళ్లి పని చూసుకోమ్మా."

"నిజంగా నేనేనండీ," అంది ఆమె, ఉద్యోగం పోతే పోయిందని తెగించి.

"చాల్లేమ్మా," అన్నాడాయన. మిగిలిన పన్నెండు మందినీ తీసేస్తే సరుకు గేటు దాటదు గనక, కాసేపు తిట్టి వాళ్లనూ పంపేశాడు.

బయటికొచ్చాక గుండీల పిన్ని ఆమె భుజం తట్టింది. "ఏం నటించావే అమ్మాయ్. నువ్వేనా రాసిందని నాకే అనుమానమొచ్చింది."

ఇస్త్రీ అక్క "పిన్నీ, ఆ మూడో పాదం ఒక్కసారి చెప్పవా?" అని అడిగింది.