పోచయ్య సీసాలో నీళ్లు

పోచయ్యకు తెలిసిన రోగం ఒక్కటే. పెట్రోల్‌లో నీళ్లు కలవడం.

షూటింగ్‌లో జనరేటర్ ఆగినా, వాన కురిపించే యంత్రం మొరాయించినా, బోరబండలోని తన మెకానిక్ షెడ్డు నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. ఒక గాజు సీసాలోకి కాస్త పెట్రోల్ పట్టి, ఎండకెత్తి, "నీళ్లు కలిసినయ్" అనేవాడు. సీసా అడుగున నిజంగానే నీటి బొట్లు ముత్యాల్లా దొర్లుతుండేవి. ఫిల్మ్‌నగర్‌లో అదొక సామెతైపోయింది. ఒక నిర్మాత విడాకులు తీసుకుంటే, "పోచయ్యను పిలవండ్రా, ఎక్కడో నీళ్లు కలిసుంటాయి" అని టీ బండి దగ్గర నవ్వుకున్నారు.

"కాకా, నీకు ఇంకో రోగం తెల్వదా?" అని ఏడిపించేది, సెట్లకు రంగులు వేసే పద్మప్రియ.

"తెలుసు బిడ్డా. పేర్లే యాదికుండయ్."

ఆ ఏప్రిల్‌లో, జూబ్లీ హిల్స్ మేడలన్నీ నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ఆ గుట్ట మీదికి లారీలో ఒక జెట్ పడవ వచ్చింది. సిమెంటు తొట్టి కట్టి పది ట్యాంకర్లు కుమ్మరించారు. తర్వాత గ్రాఫిక్స్‌లో సముద్రం అతికించడానికి వెనక గ్రీన్ మ్యాట్ కట్టారు. తాళ్లతో బిగించిన పడవ ఇంజన్ నడిస్తే వెనక నీటితోక లేవాలి, ముందు హీరో జుట్టు ఎగరాలి. పడవకు బంగారు రంగు వేసింది పద్మప్రియే. అదే ఆమె మొదటి పెద్ద సినిమా.

షాట్ ఎవరివల్ల ఆగితే వాళ్లు సాయంత్రానికి ఇంటికి. ఇది ప్రొడక్షన్ మేనేజర్ సుబ్బరామయ్య రూలు. ఆ వారంలోనే ఒక లైట్‌మన్, ఒక టైలర్ వెళ్లిపోయారు. హీరో మూడు గంటలు ఆలస్యంగా వస్తే మాత్రం ఆ రూలుకు ఎండదెబ్బ తగిలేది.

ఇంజన్ చక్కగా మొదలైంది. పది నిమిషాలు నడిచి, దగ్గి, ఆగిపోయింది. కాసేపాగితే మళ్లీ నడిచింది. మళ్లీ పది నిమిషాలకు ఆగింది.

"ఎవడు చేశాడిది?" సుబ్బరామయ్య గొంతు గుట్టంతా వినబడింది.

పోచయ్య ఫిల్టర్ విప్పి చూశాడు, శుభ్రంగా ఉంది. పైపు తడిమాడు, ఎక్కడా కారడం లేదు. ట్యాంకు మూత తిప్పాడు. 'స్స్'మంటూ గాలి లోపలికి దూరింది, ఎన్నాళ్లుగానో ఊపిరి బిగబట్టిన మనిషిలా. మూత తీసి ఉంచితే ఇంజన్ ఆగడం లేదు. ఆయన నెమ్మదిగా పడవ పక్కకు నడిచాడు. పెట్రోల్ దిగాలంటే ట్యాంకులోకి గాలి పోవాలి, అందుకు సన్నటి రంధ్రం అక్కడ ఉండాలి. దాన్ని లప్పంతో పూడ్చి, పైన బంగారు రంగు నునుపుగా వేశారు.

బ్రష్షు పట్టుకుని పద్మప్రియ అక్కడే నిలబడి ఉంది. ఫ్రేములో వికారంగా ఉందని పూడ్చింది ఆమే.

పోచయ్య తాళాల గుత్తిలోని పిన్నీసుతో రంధ్రం తెరిచాడు. రాలిన బంగారు పెచ్చు జేబులో వేసుకున్నాడు. తర్వాత అందరికీ వీపు తిప్పి, సీసాలో పెట్రోల్ పట్టి, తన మంచినీళ్ల బాటిల్ అందులోకి కొద్దిగా వంచాడు.

పద్మప్రియ చూసింది.

"నీళ్లు కలిసినయ్ సార్!"

"ఏప్రిల్లో నీళ్లెక్కడివయ్యా? మన కుళాయిలోనే రావట్లేదు, నీ పెట్రోల్లోకి ఎలా వచ్చాయి?"

"గదే సమజైతలేదు సార్."

"క్యాన్లు తెచ్చింది నువ్వేగా? పదేళ్లుగా ఇదే పాట. రేపట్నుంచి రాకు. రూలు రూలే!"

"సార్, ఆ రంధ్రం నేనే..." అని పద్మప్రియ నోరు తెరిచింది.

"బిడ్డా, గా గుడ్డ ఇటియ్యి!" అని పోచయ్య అరిచాడు. జీవితంలో ఆయన గట్టిగా అరిచింది అదొక్కసారే.

పద్మప్రియ ఆయన్ను స్కూటర్ దగ్గర ఆపింది. "ఎందుకు కాకా?"

"నాకు షెడ్డున్నది. నీకు గా బ్రష్షొక్కటే ఉన్నది. రంగు మంచిగేసినవ్. గాలికి జర తొవ్వ ఇడువాలె, అంతే."

"మరి గిన్నేండ్ల సంది ఆ నీళ్లన్నీ..."

"అన్నీ కాదు. రెండుసార్లు నిజంగనే కలిసినయ్."

సీసా ఆమె చేతిలో పెట్టి, దగ్గుతున్న స్కూటర్ మీద వెళ్లిపోయాడు. ఆ యూనిట్ మళ్లీ ఆయన్ను పిలవలేదు. ఎవరూ తలుచుకోనూ లేదు, జోకుల్లో తప్ప.

వారం తర్వాత వాన యంత్రం ఆగింది. పెట్రోల్ కుళాయి తిప్పడం మరిచింది దాన్ని నడిపే కుర్రాడు ఓంప్రకాష్. "ఎవడు చేశాడిది?" అంటూ సుబ్బరామయ్య వస్తున్నాడు. పద్మప్రియ వంగి కుళాయి తిప్పింది. లేచి, పోచయ్య ఇచ్చిన సీసాను ఎండకెత్తింది. అడుగున ముత్యాలు దొర్లుతున్నాయి.

"నీళ్లు కలిశాయి సార్."

సుబ్బరామయ్య తల పట్టుకున్నాడు. "వాణ్ణి పంపేశాం గానీ, ఆ రోగం ఇక్కడే వదిలేసి పోయాడమ్మా!"